పక్క డాబా మీద టవర్



ఒక శనివారం రాత్రి పదకొండు దాటాక మా వీధిలో లారీ వచ్చి ఆగింది. తెల్లారి లేచి చూస్తే ఎదురింటి డాబా పిట్టగోడ మీంచి మోకులు వేలాడుతున్నాయి. ఇనుప పైపులు ఒక్కొక్కటే పైకి పోతున్నాయి. ఆదివారం పొద్దుగూకేలోగా స్తంభం నిలబడింది, దానికి పొడుగాటి తెల్లని పెట్టెలు బిగించేశారు. సోమవారం పదిన్నరకు మున్సిపల్ ఆఫీసు తలుపులు తెరిచేటప్పటికి మా వీధిలో ఒక సెల్ టవర్ ఉంది. శనివారం దాకా లేదు. పక్కింటివాళ్ళకు, వెనకింటివాళ్ళకు, ఎవరికీ ఒక్క మాట చెప్పలేదు.

ఆ సాయంత్రం రామాలయం అరుగు మీద జనం పోగయ్యారు. ఇంటాయన రిటైరైన స్కూలు మాస్టారు. పెన్షన్ మందులకే సరిపోతోంది, నెలనెలా అద్దె వస్తుందంటే ఒప్పుకున్నాను అన్నాడు. ఆయన మాటలో అబద్ధం లేదు. పక్కింటావిడ ఊరుకోలేదు. "మాస్టారూ, మీకు అద్దె వస్తుంది. మరి మాకేమొస్తుంది? మా చంటిదానికి ఏమన్నా అయితే ఎవర్ని అడగాలి?" అంది. ఆవిడ భయంలోనూ అబద్ధం లేదు. అరుగు మీద రెండు గంటలు గడిచాయి. మాటంతా క్యాన్సర్ చుట్టూనే తిరిగింది. నేను సివిల్ ఇంజినీరుగా ముప్పై ఏళ్ళు ఇళ్ళకు స్లాబులు వేయించినవాణ్ని. ఆ రెండు గంటల్లో టవర్ కింది స్లాబు గురించి ఒక్కరూ అడగలేదు. ఈ ప్రసంగానికి ఒప్పుకోవడానికి కారణం అదే.

ముందు క్యాన్సర్ మాటే చూద్దాం. ఆ భయాన్ని పక్కకు నెట్టేస్తే మిగతా మాటలు ఎవరి చెవికీ ఎక్కవు.

2011 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం రేడియో తరంగాలను 2బీ వర్గంలో చేర్చింది. క్యాన్సర్‌కు కారణం కావచ్చేమో, ఆధారాలు మాత్రం పరిమితం అని ఆ వర్గానికి అర్థం. మన ప్రభుత్వం అంతకు ముందే, 2010లో, వివిధ మంత్రిత్వ శాఖల నిపుణులతో ఒక కమిటీ వేసింది. ఆ కమిటీ సిఫారసు మేరకు 2012 సెప్టెంబర్ 1 నుంచి టవర్ రేడియేషన్ పరిమితిని అంతర్జాతీయ పరిమితిలో పదో వంతుకు తగ్గించారు. 900 మెగాహెర్ట్జ్ దగ్గర చదరపు మీటరుకు 4.5 వాట్ల దాకా ఉండవచ్చని అంతర్జాతీయ పరిమితి చెప్తే, మన దగ్గర 0.45 వాట్లు అన్నారు. ఐరోపాలో చాలా దేశాలు పాటించిన అంకె కన్నా ఇది కఠినమైనది.

టవర్ కింద ఉన్న ఇంటివాళ్ళే అందరికంటే ఎక్కువ భయపడతారు. కానీ ఆ తెల్లని పెట్టెలు, అంటే యాంటెన్నాలు, తరంగాలను ఎదురుగా, కాస్త కిందికి వంచి పంపుతాయి. నేరుగా కాళ్ళ కింద పడేది చాలా తక్కువ. దీపం కింద చీకటి అంటామే, అదే. చూసుకోవలసింది అంతే ఎత్తులో ఎదురుగా ఉన్న ఇంటిని. అందుకే టెలికాం శాఖ మార్గదర్శకాల్లో, యాంటెన్నాకు నేరుగా ఎదురుగా దాని ఎత్తుకు సమానమైన భవనం ఉండకూడదంటూ దూరాలు ఇచ్చారు. రెండు యాంటెన్నాలుంటే 35 మీటర్లు, ఆరుంటే 55 మీటర్లు. మన పట్నాల్లో ఈ లెక్క తప్పేది కాలంతో పాటే. టవర్ పెట్టిన నాడు ఎదురుగా ఖాళీ స్థలం ఉంటుంది. అయిదేళ్ళకు అక్కడ నాలుగంతస్తుల అపార్ట్‌మెంటు లేస్తుంది. దాని మూడో అంతస్తు పడగ్గది కిటికీ సరిగ్గా యాంటెన్నా ఎదుటికి వస్తుంది. అపార్ట్‌మెంటుకు ప్లాను మంజూరు చేసే బల్ల మీద టవర్ కాగితం ఉంటే తప్ప ఇది ఎవరి కంటా పడదు.

ఇంకొకటి కూడా గుర్తుంచుకోవాలి. సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట మీ చేతిలోని ఫోనే ఎక్కువ శక్తితో తరంగాలు పంపుతుంది. టవర్‌ను ఊరి చివరికి తరిమేస్తే, చెవికి ఆనించుకున్న ఫోను ఇంకా గట్టిగా అరవాల్సి వస్తుంది.

అనుమానం తీరకపోతే కొలిపించుకోవచ్చు. 2017 మేలో కేంద్ర టెలికాం శాఖ తరంగ్ సంచార్ అనే పోర్టల్ తెచ్చింది. మీ ప్రాంతంలోని టవర్లు పరిమితికి లోబడి ఉన్నాయో లేదో అందులో చూసుకోవచ్చు. 4,000 రూపాయలు కడితే శాఖ సిబ్బంది వచ్చి మీ ఇంటి దగ్గరే కొలిచేలా ఆనాడు ఏర్పాటు చేశారు. మా వీధివాళ్ళం తలా కొంత వేసుకొని కొలిపించాం. పరిమితి లోపలే ఉందని కాగితం ఇచ్చారు. పక్కింటావిడ భయం పూర్తిగా పోయిందని చెప్పను. ఆ కాగితం మాత్రం ఈనాటికీ ఆవిడ బీరువాలో ఉంది.

కోర్టుల సంగతి కూడా వినండి. 2012 నవంబర్‌లో రాజస్థాన్ హైకోర్టు బడులు, ఆసుపత్రుల దగ్గర టవర్లు తీసేయమంది. 2017 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, గ్వాలియర్‌లో ఒక క్యాన్సర్ రోగి వేసిన కేసులో, అతను పనిచేసే ఇంటి దగ్గరి టవర్‌ను ఏడు రోజుల్లో ఆపేయమని ఆదేశించింది. ఈ రెండు వార్తలే మన పత్రికల్లో పెద్ద అక్షరాలతో వచ్చాయి. ఆరోగ్యానికి హాని జరుగుతోందని తేల్చే ఆధారం లేదంటూ వేర్వేరు హైకోర్టులు కొట్టేసిన పిటిషన్లు చాలానే ఉన్నాయి. వాటికి అంత చోటు దొరకలేదు. రేడియేషన్ పేరుతో మాత్రమే కోర్టుకు వెళ్ళినవాళ్ళు ఎక్కువమంది ఉత్త చేతులతో తిరిగొచ్చారు. స్థలం కాగితాలు, భవనం భద్రత, అనుమతి లోపాలు పట్టుకుంటే న్యాయమూర్తి కూడా వినడానికి చేతిలో ఏదో ఒకటి ఉంటుంది.

ఇక స్లాబు దగ్గరికి వస్తాను.

వానాకాలం మొదలయ్యాక మాస్టారు ఒకరోజు కబురు పెట్టారు. వెళ్ళేసరికి పడగ్గదిలో మంచం ఓ మూలకు జరిపి ఉంది, గది మధ్యలో ప్లాస్టిక్ బకెట్. పైన సీలింగుకు అరచేయంత నల్లటి మరక, దాని నడుమ నుంచి చుక్క తర్వాత చుక్క. మేడెక్కాం. స్తంభం అడుగున ఇనుప పలక, దానికి నాలుగు బోల్టులు. మోకాళ్ళ మీద కూర్చుని గజం టేపుతో కొలిచాను. రెండు పిల్లర్లకు సరిగ్గా మధ్యలో ఉంది. అక్కడ కింద దూలం కూడా లేదు, ఉత్త అయిదంగుళాల స్లాబు. పలక మూల నుంచి వెంట్రుకంత పగులు పిట్టగోడ దాకా పాకింది. బోల్టు కోసం డ్రిల్లు చేసిన చోట్ల సున్నం పొర చితికిపోయి వాననీళ్ళు దిగుతున్నాయి.

మన ఊళ్ళలో ఇళ్ళు ఎలా కడతామో మీకు తెలియంది కాదు. ముందు ఒక అంతస్తు, కూతురి పెళ్ళయ్యాక ఇంకోటి, కొడుకు ఉద్యోగంలో చేరాక పెంట్‌హౌస్. పిల్లర్లు తొమ్మిదంగుళాలు, పన్నెండంగుళాలు. ఎక్కి తిరిగే డాబాకు చదరపు మీటరుకు సుమారు 150 కిలోల బరువు వస్తుందని భారతీయ ప్రమాణాల్లో లెక్క. బట్టలు ఆరేసుకోవడానికి, వడియాలు పెట్టుకోవడానికి, వేసవిలో పక్కలు వేసుకోవడానికి అది చాలు. టవర్ వచ్చిందంటే స్తంభంతో పాటు కరెంటు పెట్టెలు, బ్యాటరీలు వస్తాయి. పాతకాలం లెడ్ యాసిడ్ బ్యాటరీల బ్యాంకు ఒక్కటే కొన్ని వందల కిలోలు తూగుతుంది. అదంతా రెండు గజాల చోటులో కూర్చుంటుంది.

బరువు కంటే గాలి పెద్ద శత్రువు. కట్టడాలకు గాలి లెక్క వేసే ఐఎస్ 875 ప్రమాణంలో హైదరాబాద్‌కు సెకనుకు 44 మీటర్లు, విజయవాడకు, విశాఖపట్నానికి 50 మీటర్లు. యాభై మీటర్లంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగంలో గాలి తనకు ఎదురు నిలిచిన ప్రతి చదరపు మీటరునూ 150 కిలోల బలంతో తోస్తుంది. స్తంభం తలకు బిగించిన యాంటెన్నాలను గాలి తోస్తే కింద ఒక కాలును పైకి పీకుతుంది, ఇంకో కాలును స్లాబులోకి గుచ్చుతుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద విరుచుకుపడిన నాడు గాలి దాదాపు ఆ వేగంతోనే వీచింది. ఆ తర్వాత కొన్ని రోజులు నగరంలో ఫోన్లు మూగబోయిన సంగతి అక్కడివాళ్ళెవరూ మరిచిపోలేదు.

మాస్టారు ప్లాస్టిక్ కవర్లోంచి ఒక జిరాక్సు కాగితం తీసి చూపించారు. భవనం గట్టిదని, టవర్‌ను మోయగలదని ఒక స్ట్రక్చరల్ ఇంజినీరు ఇచ్చిన ధ్రువీకరణ. ముద్ర ఉంది, సంతకం ఉంది. కాంక్రీటు ఏ గ్రేడుదో కూడా రాశారు. "ఆయన ఎప్పుడొచ్చి చూశారు మాస్టారూ?" అని అడిగాను. "ఎవరూ రాలేదు బాబూ, ఆ కంపెనీ కుర్రాడు ఫోన్లో నాలుగు ఫొటోలు తీసుకుపోయాడు" అన్నారు. నా వృత్తిలో ఇంతకంటే తలవంపులు లేవు. పిల్లర్ కొలవకుండా, కడ్డీ ఎంత లావో చూడకుండా ఫొటోలు చూసి భవనం గట్టిదని రాయడం, రోగిని చూడకుండా ఆపరేషన్‌కు పనికొస్తాడని రాయడం లాంటిది.

చేయాల్సిన పద్ధతి కష్టమైనదేం కాదు. స్తంభం కాళ్ళు స్లాబు మీద కాక పిల్లర్ల తలల మీద నిలవాలి. పిల్లరుకూ పిల్లరుకూ మధ్య ఉక్కు ఐ-బీములు పరిచి వాటి మీద బరువంతా ఎత్తాలి. బోల్టులు దిగిన ప్రతి చోటా నీళ్ళు ఇంకకుండా పూత వేయాలి. మా వీధిలో చివరికి అలాగే చేయించారు. ఎనిమిది నెలలు తిరిగాక, సోమవారం కలెక్టరేట్‌లో రెండుసార్లు అర్జీ పెట్టాక.

జనరేటర్ గురించి కూడా చెప్పాలి. కరెంటు పోగానే అర్ధరాత్రి అది అందుకునేది. పక్కింటి పిల్లలు ఉలిక్కిపడి లేచేవాళ్ళు. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 డెసిబెల్స్ మించి శబ్దం ఉండకూడదని 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనలు చెప్తున్నాయి. క్యాన్సర్‌కు ఆధారం చూపించలేం. దీన్ని మాత్రం ఎవరైనా కొలిచి చూపించవచ్చు. మాకు ముందు దక్కిన విజయం అదే. జనరేటర్‌ను గోడ పక్కనుంచి జరిపారు, దాని మీద శబ్దం ఆపే డబ్బా మూశారు.

ఇప్పుడు అసలు ప్రశ్న. టవర్ ఎక్కడ ఉండాలో ఎవరు నిర్ణయిస్తారు? ఇళ్ళ మధ్య పిండిమర పెట్టాలన్నా, వెల్డింగ్ షాపు పెట్టాలన్నా ఇది నివాస ప్రాంతం, ఇది వాణిజ్య ప్రాంతం అని మాస్టర్ ప్లాన్ గీతలు అడ్డొస్తాయి. టవర్‌కు ఆ గీతలు పట్టవు. బడి దగ్గర వద్దు, ఇళ్ళ మధ్య వద్దు అంటూ స్థలాన్ని బట్టి ఆంక్షలు పెట్టవద్దని కేంద్ర టెలికాం శాఖ 2013లో రాష్ట్రాలకు ఇచ్చిన మార్గదర్శకాల్లోనే చెప్పింది. ఫోను ఉన్నచోటే టవర్ ఉండాలి కాబట్టి అందులో న్యాయం ఉందని నేనూ ఒప్పుకుంటాను.

ఆ తర్వాత 2016 నవంబర్‌లో రైట్ ఆఫ్ వే నిబంధనలు, అంటే టెలికాం లైన్లకు, టవర్లకు చోటు ఇచ్చే నిబంధనలు వచ్చాయి. దరఖాస్తు చేసిన 60 రోజుల్లో స్థానిక సంస్థ తేల్చాలన్నారు. తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క అన్నారు. తిరస్కరించాలంటే ముందు కంపెనీని పిలిచి దాని వాదన వినాలి, కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలన్నారు. 2022 ఆగస్టు సవరణతో ప్రైవేటు ఇంటి మీద పెట్టే టవర్‌కు స్థానిక సంస్థ అనుమతే అక్కర్లేకుండా పోయింది. భవనం వివరాలు, ఆ స్ట్రక్చరల్ ఇంజినీరు ధ్రువీకరణ జతచేసి ముందుగా తెలియజేస్తే చాలన్నారు. ఆ ఏడాది అక్టోబర్ 1న దేశంలో 5జీ మొదలైంది, తొందర అందుకే. తర్వాత 2023 టెలికాం చట్టం, దాని కింద 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నిబంధనలు. వాటి ధ్యేయం కూడా అనుమతులు దేశమంతా ఒకే తీరుగా, త్వరగా అందడమే.

తొందర తప్పని నేను అనను. ఈ నిబంధనలు చదువుతూ పోతే ఒకటే లోటు కళ్ళకు కడుతుంది. కంపెనీకి కుర్చీ వేశారు, అధికారికి కుర్చీ వేశారు, ఇంటి యజమానికి ఒప్పందం ఉంది. పక్కింటివాడికి మాత్రం నిలబడే చోటు కూడా లేదు. కంపెనీ వాదన వినకుండా తిరస్కరించకూడదని రాసిన చేయి, పొరుగువారి మాట వినకుండా పని మొదలుపెట్టకూడదని కూడా ఒక వాక్యం రాయవచ్చు. అనుమతి అక్కర్లేదన్న రోజు నుంచి ఆ ఇంజినీరు ధ్రువీకరణే ఏకైక కాపలా. ఆ కాపలాదారు ఫొటోలు చూసి సంతకం పెడితే ఇక అడ్డేముంది?

మన తెలుగువాళ్ళు ఎందరో స్థిరపడిన అమెరికాలో 1996 టెలికాం చట్టం ఈ ముడిని ఇంకో విధంగా విప్పింది. టవర్ ఎక్కడ ఉండాలన్న జోనింగ్ అధికారం ఊరి స్థానిక సంస్థ దగ్గరే ఉంచింది. దాంతో పాటే ఊరి చేతులు కొంత కట్టింది. అక్కడి కేంద్ర ప్రభుత్వ పరిమితికి లోబడి ఉన్నంత వరకు రేడియేషన్ కారణంగా టవర్‌ను కాదనడానికి వీల్లేదు. కాదంటే ఆ మాట రాతపూర్వకంగా ఉండాలి, బలమైన ఆధారం చూపాలి. గడువు కూడా ఉంది. 2009లో ఉన్న టవర్ మీద కొత్త యాంటెన్నాలకు 90 రోజులు, కొత్త టవర్‌కు 150 రోజులని పెట్టారు. అక్కడి ఊళ్ళలో జోనింగ్ బోర్డు ముందు బహిరంగ విచారణ జరుగుతుంది. ఎత్తెంత, రోడ్డు నుంచి ఎంత దూరం, చెట్లు అడ్డుగా వేస్తారా అని పక్కింటివాళ్ళు మైకు ముందుకొచ్చి అడుగుతారు. అన్నిసార్లూ వాళ్ళే గెలవరు. అడిగిన మాట రికార్డులోకి మాత్రం ఎక్కుతుంది. ఆ పాటి చోటు మన వార్డుల్లో, మన గ్రామసభల్లో ఎందుకు ఉండకూడదు?

నా మాట విని టవర్లే వద్దంటున్నానని ఎవరూ అనుకోవద్దు. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో సిగ్నల్ కోసం గుట్టెక్కి నిలబడే అక్కచెల్లెళ్ళను చూసినవాడు ఆ మాట అనలేడు. రేషన్ బియ్యానికి వేలిముద్ర పడాలన్నా, పురిటినొప్పుల మనిషికి 108 రావాలన్నా టవర్ కావాలి. దేశంలో 4జీ అందని 24,680 ఊళ్ళకు టవర్లు వేయడానికి 2022 జులైలో కేంద్ర మంత్రివర్గం 26,316 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. కొండమీద ఊరు టవర్ కోసం ఎదురుచూస్తుంటే పట్నంలో మనం దాన్ని చూసి గుండెలు బాదుకోవడం నాకు బాధగా ఉంటుంది. టవర్ రావాలి, నిలవాల్సిన చోట నిలవాలి.

ఇంకొక్క హెచ్చరిక. మీ స్థలంలో టవర్ పెడతాం, లక్షల్లో అడ్వాన్సు, నెలకు వేలల్లో అద్దె, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి అంటూ ఫోను వస్తే, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ముద్ర ఉన్న కాగితం పంపితే, అది మోసం. టవర్ల కోసం స్థలాలు అద్దెకు తీసుకునే పనిలో ట్రాయ్ లేదు, ఎవరికీ అనుమతి పత్రం ఇవ్వదు. ఈ మాట ఆ సంస్థే పదేపదే ప్రకటించింది. నిజమైన కంపెనీ మీకు డబ్బిస్తుంది, మీ దగ్గర తీసుకోదు.

మన మున్సిపాలిటీలను, పంచాయతీలను నేను అడిగేది చిన్నదే. టవర్ గురించి తెలియజేస్తూ కంపెనీ ఇచ్చిన కాగితాన్ని, ఇంజినీరు ధ్రువీకరణతో సహా, తెలుగులో ఆ ఇంటి గేటుకు పదిహేను రోజుల ముందు అంటించండి. వార్డు సచివాలయం గోడ మీద అంటించండి. ధ్రువీకరణ ఇచ్చిన ఇంజినీరు ఏ తేదీన ఆ మేడ ఎక్కాడో రాయించండి. ఎదురుగా కొత్త భవనానికి ప్లాను ఇచ్చేటప్పుడు టవర్ల జాబితా ఒకసారి చూడండి.

శ్రోతలారా, రేపు మీ పక్క డాబా మీదికి ఇనుప పైపులు ఎక్కుతుంటే గొడవకు దిగకండి. ఇంటివాళ్ళు రేపు కూడా మీ పొరుగువాళ్ళే. వాళ్ళతో కలిసి మేడెక్కండి. స్తంభం పిల్లరు మీద ఉందో, ఉత్త స్లాబు మీద ఉందో చూడండి. ఇంజినీరు కాగితం అడిగి తీసుకోండి. జనరేటర్ ఎక్కడ పెడుతున్నారో ముందే తేల్చుకోండి. సమాధానం రాకపోతే జిల్లాలో కలెక్టర్‌కు అర్జీ పెట్టండి. ఇలాంటి ఫిర్యాదులు వినడానికి జిల్లా స్థాయి టెలికాం కమిటీ ఉండాలని 2013 మార్గదర్శకాలే చెప్తున్నాయి. మీ జిల్లాలో అది ఎప్పుడు కూర్చుంటుందో అడగండి.